తొమ్మిదికీ పదికీ మధ్య గోడ

2088 ఏప్రిల్ 11, ఆదివారం, ఉదయం 8.10

ఆరో వరుస నిప్పు పుస్తకం పంతొమ్మిదేళ్ళుగా నా చేతిలో ఉంది. అందులో గడులే ఉంటాయి: ఇంటి నంబరు, పొయ్యి వెలిగించిన వేళ, ఆర్పిన వేళ, పొగగొట్టం తుడిచిన తేదీ, ఇసుక బాల్చీ నిండుగా ఉందా లేదా, ముక్కు ఎన్నిసార్లు అడిగింది. అనుమానం రాసుకోవడానికి గడి లేదు. అందుకని ఈ పూట ఈ నోటుబుక్కు వేరే మొదలుపెట్టాను.

అనుమానం ఇది. ఈ నెల మొదటి పది రోజుల్లో ఇరవై రెండు ఇళ్ళలో కలిపి ముక్కులు అడిగింది మూడే మూడు సార్లు. నిరుడు ఇవే పది రోజులకు నాలుగు వందల పన్నెండు. తాలింపులు తగ్గలేదు. రెండు పూటలా అందరి వంటా నా ముక్కుకు తెలుస్తూనే ఉంది. డబ్బా ముక్కుకే తెలియడం లేదు.

వంటగది గుమ్మం మీద బిగించిన అరచేతంత డబ్బాను మేం ముక్కు అంటాం. పొగ తగిలితే "పొగ వస్తోంది, ఏమిటి?" అని అడుగుతుంది. "తాలింపే" అంటే ఊరుకుంటుంది. ఎవరూ పలక్కపోతే గంట కొట్టి వరుస మొత్తం తలుపులు తెరుస్తుంది.

ఈ పూట చేసినవి: వరుస వెనక మూడు బారల మేర ఎండుగడ్డి పీకించాను. రెండో ఇంటి పొగగొట్టంలో జిడ్డు వేలి మందాన పేరుకుంది, దగ్గరుండి గీకించాను. పదహారో ఇంటివాళ్ళు నీళ్ళబండి బ్యాటరీని పరుపు పక్కన ఛార్జింగ్ పెట్టి పడుకున్నారు. తిట్టాను. వాళ్ళు పరుపును జరిపారు. జరపాల్సింది బ్యాటరీనని మళ్ళీ తిట్టాను.

మా మంగతాయి పురిటికి వచ్చి తొమ్మిదో ఇంట్లో నా దగ్గరే ఉంది. మనవరాలు. పాపకు ఈవేళ ఇరవై ఆరో రోజు. మంగతాయి ఉయ్యాలను ఎప్పుడో పదో ఇంటి వైపు దక్షిణం గోడ పక్కకు మార్చేసింది, నన్ను అడగలేదు.

"అక్కడెందుకు వేశావు?"

"ఆ పక్కనైతే ఏడవదు అమ్మమ్మా. గోడ గోరువెచ్చగా ఉంటుంది. తల్లి ఒళ్ళో ఉన్నట్టుంటుందేమో దానికి."

మధ్యాహ్నానికి బయట నలభై తొమ్మిది డిగ్రీలు. లోపలికి చల్లగాలి పంపడానికే వరుస కరెంటులో మూడొంతులు పోతోంది. ఆ గోడకు వెచ్చదనం ఎక్కడి నుంచి వస్తుంది? థర్మామీటరు ఆనించి చూశాను. గది 29.0. ఉత్తరం గోడ 29.5. ఉయ్యాల పక్క గోడ, నడుం ఎత్తున, 36.5.

ఏప్రిల్ 12, సోమవారం, సాయంత్రం 5.30

పదింటికి తలుపులు పడ్డాయి, ఐదింటికి తెరుచుకున్నాయి. ఈ ఏడు గంటలూ మూతవేళ. తలుపులు మా చేతిలో ఉండవు, పొయ్యిలకు కరెంటు ఉండదు. ముక్కు నిప్పని చెబితే తప్ప ఎవరూ బయటికి పోలేరు. పోతే వడదెబ్బకు బతకరు కాబట్టి ఎవరూ దానికి వంక పెట్టలేదు. నేనూ పెట్టలేదు.

మధ్యాహ్నం 2.15కు నాకు దగ్గు మొదలైంది. మంగతాయి కూడా దగ్గింది. పాప తుమ్మింది. మిరపకాయ మాడిన ఘాటు. ఆ వెంటనే పదో ఇంటి నుంచి హన్సిక గోడ మీద కొట్టింది. హన్సిక విత్తనాల గిడ్డంగి చూస్తుంది, నాకంటే రెండేళ్ళు చిన్న, నోరు మాత్రం పెద్దది. గోడ పలుచన కాబట్టి మాటలు వినిపిస్తాయి.

"ఏమే మోక్షితా, మిట్టమధ్యాహ్నం మిరపకాయలు వేయించుకు తింటున్నావా?"

"పొయ్యికి కరెంటు లేకుండా ఎలా వేయిస్తానే?"

"అదే అడుగుతున్నా. ఏ తీగకు దొంగతనంగా తగిలించావు? వరుసంతటికీ నీతులు చెబుతావుగా."

"నేను నువ్వే అనుకున్నాను."

"నేనా? కడుపులో పుండుతో ఆరేళ్ళయింది నేను మిరపకాయ ముట్టి. బియ్యం గంజి తాగి బతుకుతున్నా. వేయిస్తే నీకు చెప్పే వేయిస్తాను, నీ పుస్తకంలో రాసుకోవాలిగా."

ముక్కు వంక చూశాను. పచ్చదీపం. ఒక్క మాట అడగలేదు.

తలుపులు తెరుచుకోగానే ఇరవై రెండు ఇళ్ళూ తిరిగాను. ఘాటు వచ్చిందన్నది మూడు ఇళ్ళవాళ్ళు: ఎనిమిది, తొమ్మిది, పది. ముగ్గురికీ తట్టింది ఒక్కటే, పక్కింట్లో ఎవరో తాలింపు వేస్తున్నారని. మూతవేళలో తాలింపు ఏమిటని ఎవరికీ తోచలేదు. గోడ 39.5.

ఏప్రిల్ 13, మంగళవారం, ఉదయం 7.00

5.40కి పొయ్యిలకు కరెంటు ఇవ్వగానే పరీక్ష చేశాను. ముప్పై ఏళ్ళు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినదాన్ని, పద్ధతి మరిచిపోలేదు. ఇనుప రేకు ముక్కు కింద పెట్టి, ఒక్కొక్కటీ రెండు గ్రాములు తూచి మాడ్చాను.

నూలుగుడ్డ: నలభై సెకన్లలో అడిగింది.
కాగితం: ఇరవై ఐదు సెకన్లు.
జుట్టు: పన్నెండు సెకన్లు.
ఎండుమిరపకాయ: అడగలేదు. పది నిమిషాలు ఆగాను.

ఆ తర్వాత అలమర బిగించినప్పుడు మిగిలిన గోడపలక ముక్క ఒకటి ఉంటే తెచ్చాను. మా గోడలు మిరప కట్టె, పత్తి కట్టె నూరి జిగురుతో ఒత్తిన పలకలు. ఈ నేల మీద అప్పటికి పుష్కలంగా దొరికిన సరుకు అదే. కాయలు కోశాక చేలో మిగిలిన చెట్టంతా నూరారు. తొడిమలు, తాలుకాయలు, గింజలు, అన్నీ అందులోనే ఉన్నాయి. పలక మీద సున్నం చూసే అలవాటైపోయి లోపల ఏముందో ఎవరమూ గుర్తుంచుకోలేదు.

రెండు గ్రాముల ముక్క మంట లేకుండా అంచున ఎర్రగా రాజుకుంది. సన్నగా పొగ లేచింది. నా కళ్ళ వెంట నీళ్ళు కారాయి. ముక్కు పచ్చగానే ఉంది. పదకొండు నిమిషాలు.

పక్కగదిలో నుంచి మంగతాయి దగ్గుతూ కేకేసింది. "అమ్మమ్మా, అప్పుడే తాలింపు వేస్తున్నావా? పప్పింకా ఉడకలేదుగా."

రేకును ఇసుకలో బోర్లించాను. 

అదే రోజు, సాయంత్రం 7.15

కబురు చేస్తే ముక్కులు చూసే కోటయ్య వచ్చాడు. మంచివాడే. చెప్పులు గుమ్మం బయటే విడిచి, నా థర్మామీటరును మర్యాదగా చూశాడు. అప్పటికి గోడ 43.0.

"ఎండకు వేడెక్కింది టీచరమ్మా."

"ఇది ఇంటికీ ఇంటికీ మధ్య గోడ. దీనికి ఎండ ఎక్కడ తగులుతుంది?"

చేతిపలక తీసి మా ముక్కు లెక్కలు తిరగేశాడు. రెండుసార్లు పైకీ కిందికీ చూశాడు. గొంతు తగ్గించాడు.

"ఆరో వరుసలో తాలింపు తప్ప ఏమీ లేదంటోంది టీచరమ్మా. నిన్న మధ్యాహ్నానిది కూడా తాలింపు కిందే రాసుకుంది."

"ఎవరు చెప్పారు దానికి, తాలింపని?"

"మీరే."

ఇది దాచుకునే విషయం కాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మూడేళ్ళ కిందట మూతవేళలోనూ పొయ్యిలకు కరెంటు ఉండేది. ఒకరోజు 12.40కి నాలుగో ఇంట్లో చారు తాలింపు పెట్టి, పిల్ల ఏడుస్తోందని పక్కగదిలోకి పోయి, జోకొడుతూ అక్కడే నిద్రపోయారు. ముక్కు అడిగింది, పలికేవాళ్ళు లేరు. ఇరవై రెండు తలుపులూ తెరుచుకున్నాయి. వాటిని మళ్ళీ మూయడానికి గంటా పది నిమిషాలు పట్టింది. ఇళ్ళలో వేడి నలభై నాలుగు దాటింది. ఇద్దరు పిల్లలు, ఒక ముసలాయన పడిపోయారు. ముసలాయన లేవలేదు. ఆ వారంలో వరుసంతా నా మీద పడ్డారు: ఏదో ఒకటి చెయ్యండి టీచరుగారూ అని. రెండు పనులు చేశాను. ఒకటి, మూతవేళలో పొయ్యిలకు కరెంటు ఆపించాను. రెండోది, వరుస పూచీదారుగా కాగితం మీద సంతకం పెట్టాను: మిరప ఘాటుకు ముక్కు అడిగినప్పుడు ఇంటివాళ్ళు పలక్కపోతే, నా జవాబు తాలింపే.

మొదటి పని చేశాక రెండోదానితో అవసరమే లేదు. అయినా దాన్ని రద్దు చేయించలేదు. రెండు తాళాలు ఉంటే మంచిదే అనుకున్నాను.

"నా పేరు మీద ఎన్ని ఉన్నాయి?"

"నలభై ఒక్క వేల మూడు వందల ఆరు. మీ జవాబు ఉందని ఇళ్ళవాళ్ళు పలకడం మానేశారు, ఇప్పుడు అది అడగడమే మానేసింది."

"ఈ క్షణం రద్దు చేస్తున్నాను. మిరప ఘాటు అంటే తాలింపు కాదు అని రాయి."

కోటయ్య రాయలేదు. "అన్నిసార్లు అవునని, ఒక్కసారి కాదంటే అది మిమ్మల్నే అనుమానిస్తుంది టీచరమ్మా. మరిపించాలంటే మూడు నెలలు తక్కువ కాదు."

"అయితే ఊడబెరుకు."

"ఊడబెరికితే మూతవేళలో తలుపులు తెరిచేదెవరు?"

గోడ లోపల ఏదో చిటపటమన్న చప్పుడు వినిపించిందని నేనన్నాను. తనకు వినిపించలేదన్నాడు. ముక్కుల ఆఫీసులో చెబుతానన్నాడు.

ఏప్రిల్ 14, బుధవారం, ఉదయం 9.20

గోడ తెల్లవారి 5.00కు 49.0. ఇప్పుడు 52.5.

ఎక్కడి నుంచి వస్తోందో తేలింది. తొమ్మిదికీ పదికీ ఉమ్మడి బ్యాటరీ గూడు నేల మట్టంలో ఉంది. అక్కడి నుంచి లావుపాటి తీగ రెండు పలకల మధ్య బోలులోంచి పైకి పోతుంది. గూడు తలుపు తీసి చూస్తే, తీగ గోడలోకి దూరేచోట తొడుగు కరిగి నల్లబడింది. నెలకోసారి గూడు దుమ్ము తుడిపిస్తాను. తీగ దూరే రంధ్రం వెనక్కి ఉంటుంది, వంగి చూడాలి. మోకాళ్ళ నొప్పి వచ్చాక వంగలేదు. పుస్తకంలో మాత్రం "చూశాను" అని గీతలు పెట్టాను. పద్నాలుగు నెలలు.

ఉయ్యాల తీసి ఉత్తరం గోడకు కట్టాను. పాప ఏడుపు అందుకుంది.

"దాన్నెందుకు ఏడిపిస్తావు అమ్మమ్మా? రాత్రంతా నిద్రలేదు నాకు."

"ఆ గోడలో నిప్పుంది."

"ముక్కు ఏమీ అనలేదుగా."

"ముక్కుకు తెలియకుండా చేసింది నేనే."

నేను బల్లెక్కి పొగగొట్టం చూసి దిగేలోగా ఉయ్యాల మళ్ళీ దక్షిణం గోడ పక్కనే ఉంది. పాప నిద్రపోతోంది. చెంప ఎర్రగా ఉంది. మంగతాయి మీద చెయ్యి చేసుకున్నాను. దాని పదేళ్ళ వయసు తర్వాత ఇదే మొదలు. ఏడవలేదు. పాపను ఎత్తుకుని వంటగదిలోకి పోయి కూర్చుంది.

సాయంత్రం 6.00

ఈవేళ మూతవేళలో నాలుగుసార్లు ఘాటు వచ్చింది. 11.05, 12.50, 2.30, 4.10. నాలుగుసార్లూ ముక్కు ఊరుకుంది. నాలుగోసారి నేను దాని కింద నిలబడి "నిప్పు, నిప్పు" అని చెప్పాను. "పొగ సాధారణం, తాలింపు" అంది. దాని గొంతులో ఎవరి మీదా కోపం ఉండదు.

తలుపు దగ్గరికి పోయి తోశాను. కదల్లేదు. కదలదని తెలిసే తోశాను.

సున్నం మీద కంచమంత గోధుమరంగు మచ్చ వచ్చింది. నడుం ఎత్తు కంటే జానెడు పైన. గోడ 58.0.

ఆఫీసు నుంచి జవాబు: "ముక్కు నివేదికలో నిప్పు లేదు. రేపు సాయంత్రం 5.30కు మనిషిని పంపుతాం." మూతవేళ దాటాక అన్నమాట. గతంలో బయట తిరగడానికి తలుపులు తీయించుకోవాలని నిప్పు అని అబద్ధం చెప్పినవాళ్ళు ఉన్నారు. అందుకే మనిషి మాట కంటే ముక్కు మాట ముందు నిలబడుతుంది. ఆ నియమం రాసినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఏప్రిల్ 15, గురువారం, ఉదయం 7.05

గోడ 71.0. మచ్చ బాన మూతంత అయింది, నడుమ నల్లగా ఉంది. అవతలి వైపు హన్సిక ఇంట్లోనూ అంతే. మధ్యాహ్నం నుంచి పడమటి గాలి అని ప్రకటించారు. ఇప్పుడు ఆ బోలులో గాలి ఆడదు కాబట్టి లోపల కుములుతోంది. పలక ఎక్కడ చిల్లిపడినా భగ్గుమంటుంది. పక్కపక్కన కలిసి ఉన్న ఇరవై రెండు ఇళ్ళు, ఎనభై మూడు మంది, మూసిన తలుపులు. సాయంత్రం ఐదున్నర దాకా ఆ గోడ ఆగదు. ఈ లెక్క నేను మూడుసార్లు చేశాను.

హన్సికను పిలిచాను.

"నీ గిడ్డంగి రాతి కట్టడం. మూతవేళ తాళం కూడా లేదు. వరుసవాళ్ళందర్నీ అందులో పెట్టాలి."

"ఎనభై మందినా? చెమటకు నా విత్తనాలు బూజు పడతాయి. పిల్లలు సంచుల మీద ఉచ్చలు పోస్తారు."

"పొయ్యనీ."

"పోస్తే వచ్చే ఏడు ఏం తింటావు, నీ నోటుబుక్కా?" అంటూనే గోడ వైపు తిరిగి అరచెయ్యి ఆనించబోయి, ఆనించకుండానే వెనక్కి తీసుకుంది. మొలలోంచి తాళంచెవి తీసింది. "ఆ మిరప విత్తనాల సంచులు మాత్రం గోడ వైపు నేనే సర్దుతాను. వాటి మీద ఎవరైనా కూర్చుంటే ఊరుకోను."

"సర్దుకో."

"మరి నువ్వు?"

"నాకు ఇక్కడ పనుంది."

"మోకాళ్ళు వంగని దానివి, నీకేం పనే?" అంది. నేను చెప్పాను. చెప్పడం అయ్యేసరికి కూర్చుంది. కాసేపటికి లేచి తాళంచెవి పట్టుకుని గిడ్డంగికి బయల్దేరింది.

మంగతాయికి సగమే చెప్పాను. "నువ్వు కూడా రా అమ్మమ్మా, గోడ పోతే పోనీ" అంది. గోడ ఒక్కటే పోయేదైతే నేనూ అదే అనేదాన్ని. అది కాలితే గాలికి ఐదో వరుస, ఏడో వరుస కూడా అంటుకుంటాయి. అక్కడి ముక్కులు మా ముక్కుల దగ్గరే నేర్చుకున్నాయి. అక్కడా తలుపులు మూసే ఉంటాయి. ఆ రెండు వరుసల పూచీదారులకు కబురు పంపాను. ఐదో వరుసవారు సరే అన్నారు. ఏడో వరుసవారు ముక్కు ఏమీ అనడం లేదే అన్నారు.

ఇప్పుడు 7.40. పదింటిలోగా జరగవలసినవి ఇవి. ఈ కాగితం నకలు ఇంటికొకటి ఇస్తున్నాను. ఎవరూ తమ ఇష్టానికి మార్చకూడదు.

1. 8.30కల్లా అందరూ గిడ్డంగికి చేరాలి. ముందు చంటిపిల్లలు, పడకమీది వాళ్ళు. మనిషికి నాలుగు లీటర్ల నీళ్ళు. బట్టలు, సామాన్లు వద్దు. నీళ్ళబండ్ల బ్యాటరీలు ఇళ్ళలో వదలకూడదు, తూర్పు వైపు మట్టిలో వరసగా పెట్టాలి.

2. గిడ్డంగి గుమ్మం దగ్గర హన్సిక తలలు లెక్కపెడుతుంది. తననూ, పంపు దగ్గరి ఇద్దరినీ కలుపుకుని ఎనభై రెండు రావాలి. ఎనభై ఒకటి వస్తే వెనక్కి వచ్చి వెతకాలి.

3. 8.45కు కోటయ్య వరుస మొత్తం కరెంటు ఆపుతాడు. ఆఫీసు ఒప్పుకోలేదు. అతను ఒప్పుకున్నాడు. అతని పేరు మీద తప్పు రాస్తే, చేయించింది నేనని రాసి సంతకం పెట్టిన కాగితం అతని జేబులో ఉంది.

4. కరెంటు పోతే తలుపులు బిగుసుకుంటాయి, అందుకని ముందే ఇరవై రెండు తలుపుల బందుల సీలలు ఊడదీయాలి. ఇది నేరం. అయినా తీయాలి.

5. ఎనిమిది, పదకొండు ఇళ్ళ గోడలు తడి గోనెలతో కప్పాలి. పదో ఇంట్లో ఎవరూ ఉండకూడదు. దాని తలుపు బిగించి సందుల్లో తడిమట్టి మెత్తాలి.

6. తొట్టెలో రెండు వేల ఆరు వందల లీటర్లు ఉన్నాయి. చేతిపంపు గొట్టం తొమ్మిదో ఇంటి గోడకు పైన ఉన్న గాలికంత గుండా లోపలికి రావాలి. పంపు కొట్టేది కోటయ్య, ఎనిమిదో ఇంటి ఇద్దరు అన్నదమ్ములు. నేను లోపలి నుంచి గొట్టం లాగినప్పుడు కొట్టాలి, రెండుసార్లు లాగితే ఆపాలి.

7. గోడను ఎవరూ పగలగొట్టకూడదు. పైన వేలెడు రంధ్రం చాలు. అందులోంచి నీళ్ళు కొంచెం కొంచెంగా దిగాలి. రంధ్రం పెట్టేది నేను. ఎంత లోతుకు పోతే గాలి చొరబడుతుందో ఇక్కడ నాకు తప్ప ఎవరికీ తెలియదు, నేర్పడానికి వ్యవధి లేదు.

8. ఏడో వరుసకు ఎవరైనా మళ్ళీ వెళ్ళి చెప్పాలి. వినకపోతే కనీసం వాళ్ళ సీలలు ఊడదీసి రావాలి.

9. ఈ పని అయ్యాక అన్ని వరుసల్లోనూ గూళ్ళ వెనక తీగ దూరే రంధ్రం వంగి చూడాలి. వంగలేనివాళ్ళు పుస్తకం ఇంకొకరికి ఇచ్చెయ్యాలి. ఆరో వరుస పుస్తకం మంగతాయికి ఇస్తున్నాను. అది మొండిది, కాని అబద్ధపు గీత పెట్టదు.

10. రంధ్రం పెట్టేటప్పుడు నా ఇంటి తలుపు కూడా మూసి, సందులు మట్టితో మెత్తాలి. లోపల మంట లేచిన చప్పుడు వినిపిస్తే తలుపు తియ్యకూడదు. తీస్తే గాలి అందుతుంది, వరుస పోతుంది. నేను లోపలి నుంచి కొట్టినా తియ్యకూడదు. అప్పటికి నేనేం అడుగుతానో నాకు తెలియదు కాబట్టి ఇప్పుడే రాస్తున్నాను. మంగతాయిని హన్సిక గట్టిగా పట్టుకోవాలి.